పెడల్ మాట గేర్‌బాక్స్‌కి ఎవరు చెప్తారు?

జయపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నీ మాన్యువల్ ఇసుజు వీ-క్రాస్ పికప్‌కి పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టించాలని విశాఖలో స్క్రాపు షాపువాడికి అడ్వాన్సు కూడా ఇచ్చేశావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఇచ్చే ముందు ఒక్క మాట అడగాల్సింది. సరే, అయిందేదో అయింది.

మోకాలు విరిగాక క్లచ్ తొక్కలేకపోతున్నావని తెలుసు. సెమిలిగూడ నుంచి అల్లం లోడుతో సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేసరికి ఎడమకాలు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఆడాలో నాకు చెప్పక్కర్లేదు. అందుకే వద్దని కొట్టిపారెయ్యను. కానీ నీ వీ-క్రాస్‌లో ఉన్న 1.9 లీటర్ల ఇంజిన్‌కి కంపెనీయే ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టి అమ్మింది. నీ బండి అమ్మి, సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది కొనుక్కుంటే సగం తలనొప్పి ఉండదు. ఈ మాట నువ్వు వినవని తెలిసే మిగతాది రాస్తున్నాను.

రెండో ఫొటోలో బాక్స్ పక్కన చిన్న లివరు, దానికి వేలాడుతూ తెగిన కేబుల్ ముక్క కనిపిస్తోంది చూడు. పని మొత్తానికీ కీలకం అదే. పాత ఆటోమేటిక్‌లో లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది ఆయిల్ ప్రెషరే. నువ్వు యాక్సిలరేటర్ పెడల్ ఎంత తొక్కితే ఆ కేబుల్ అంత లాగుతుంది, ప్రెషర్ అంత పెరుగుతుంది. నీ కొత్త బండి పెడల్ కింద కేబులే లేదు, సెన్సారూ వైర్లూ తప్ప. మరి కాలు ఎంత తొక్కిందో ఆ బాక్స్‌కి ఎవరు చెప్తారు? కేబుల్ అలాగే వదిలేస్తే ఖాళీ బండి జయపురం రోడ్ల మీద వెన్నలా నడుస్తుంది. నువ్వు మురిసిపోయి లోడెత్తుతావు. తిరుగు ప్రయాణంలో సుంకి ఎక్కేటప్పుడు ప్లేట్లు జారి, ఒక్క ట్రిప్పులోనే మాడిపోతాయి. కొందరు తెలివిగా కేబుల్‌ను పూర్తిగా లాగి కట్టేస్తారు. అప్పుడు ప్లేట్లు బతుకుతాయిగానీ, గేరు ఆలస్యంగా, తన్నినట్టు పడుతుంది. నీ మోకాలికి అదీ శిక్షే.

సౌదీలో, దమ్మాంలో పనిచేసిన రోజుల్లో ఇలాంటివి చూశాను. అక్కడికి అమెరికా రామ్ పికప్‌లు వచ్చేవి. 2007 మధ్యలో వాటికి 6.7 లీటర్ల కమ్మిన్స్ ఇంజిన్, దాని వెనక ఆరు గేర్ల 68ఆర్‌ఎఫ్‌ఈ బాక్స్ వచ్చాయి. కొందరు దాన్ని తీయించి వెనకటి నాలుగు గేర్ల 48ఆర్‌ఈ పెట్టించుకునేవాళ్లు. అలవాటైన బాక్స్, విప్పి బాగుచేసే చేతులు ఎక్కువ, అదీ వాళ్ల లెక్క. మన బండ్లతో దానికి పోలిక లేకపోయినా చిక్కు మాత్రం ఇదే. పెడల్ ఎలక్ట్రానిక్ అయ్యాక 48ఆర్‌ఈ చివరి మోడళ్లకు కంపెనీయే ఆ లివరును తిప్పడానికి చిన్న మోటారు బిగించింది. నీకున్న దార్లు కూడా రెండే. పెడల్ ఊచకే బ్రాకెట్ చేయించి కేబుల్ తగిలించడం ఒకటి. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు కేబుల్ కూడా సరిగ్గా చివరిదాకా రావాలి, వెంట్రుకంత ముందూ వెనకా కాకూడదు. లేదంటే బయటి కంట్రోలర్ కొని, దాంతో మోటారు నడిపించడం. నీ బాక్స్‌లో గేరు సోలెనాయిడ్లు, అంటే కరెంటుతో గేరు మార్చే వాల్వులు, కూడా ఉంటే కంట్రోలర్ ఎలాగూ తప్పదు.

ఒక్క విషయంలో నీకు కలిసొచ్చింది. నీది మాన్యువల్ బండి కాబట్టి ఇంజిన్ కంప్యూటర్ గేర్‌బాక్స్ కంప్యూటర్ కోసం వెతకదు. అదే ఆటోమేటిక్ బండిలో అసలు బాక్స్ తీసి వేరేది పెడితే, జవాబు రాక ఇంజిన్ బలం తగ్గించేసుకుని లింప్ మోడ్‌లోకి పోతుంది. నువ్వు చూసుకోవాల్సినవి క్లచ్ స్విచ్, రివర్స్ లైట్ వైరు, స్టార్టర్. స్టార్టర్ వైరును పార్క్, న్యూట్రల్ స్విచ్ మీదుగానే లాగించు. గేరులో ఉండగా స్టార్టయితే ముందు నిలబడ్డ మనిషి మీదికి పోతుంది.

ఇక బలం సంగతి. నీ ఇంజిన్ 2000 ఆర్‌పీఎంకే 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఆ పాత బాక్స్ ఏ ఇంజిన్ వెనక ఉండేదో షాపువాణ్ణి నిలదీసి అడుగు. గేర్‌బాక్స్‌ని బట్టి ఇంజిన్‌కి కళ్లెం వేసే పని కంపెనీలే చేస్తాయి. టయోటా హైలక్స్‌లో అదే 2.8 లీటర్ల ఇంజిన్‌కి ఆటోమేటిక్‌తో 500 న్యూటన్ మీటర్లు, మాన్యువల్‌తో 420 మాత్రమే. నీ బాక్స్ పెట్రోల్ బండిదైతే ఇంకో తంటా. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఆయిల్‌తో ఇంజిన్ బలాన్ని బాక్స్‌కి అందించేది కన్వర్టర్. పెట్రోల్ కన్వర్టర్ పట్టు అందుకోవడానికి ఎక్కువ ఆర్‌పీఎం కావాలి. డీజిల్ కింద నుంచే లాగుతుంది, అక్కడే అది జారి ఆయిల్ కాగిపోతుంది. డీజిల్ కన్వర్టరే కావాలి.

బాక్స్‌ను ఇంజిన్‌కి బిగించే బెల్ హౌసింగ్ కలవదు, మధ్యలో అడాప్టర్ ప్లేట్ లేత్‌లో చేయించాలి. బిగించే రోజు నువ్వు దగ్గరుండు. కన్వర్టర్‌ను చేత్తో తిప్పుతూ లోపలికి నెట్టాలి, బాక్స్ ఆయిల్ పంపులోకి పూర్తిగా కూర్చునే దాకా టక్కు టక్కుమని మెట్లుగా దిగుతుంది. బెల్ బోల్టులన్నీ పట్టాక కూడా కన్వర్టర్‌కీ, ఇంజిన్ వెనకుండే ఫ్లెక్స్ ప్లేట్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ తర్వాతే ముందుకు లాగి దాని బోల్టులు వెయ్యాలి. ఖాళీ లేకుండా బోల్టులతో బిగించి దగ్గరికి లాగితే పంపు పగులుతుంది. ఒకసారి భోజనం వేళకి ముగిద్దామన్న తొందరలో నా చేతులతోనే పగలగొట్టాను. ఆ నెల జీతంలో కోసుకున్నారు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత బాక్స్ ఎక్కాకే తీయించు, ముందే కోయించకు. ఆయిల్ ఆ బాక్స్ ఏది అడుగుతుందో అదే పొయ్యి. అన్నీ ఎర్రగానే ఉంటాయిగా అని ఏదో ఒకటి పోస్తే గేరు పడేటప్పుడు బండి వణుకుతుంది. రేడియేటర్‌లో ఉండే కూలర్‌ను నమ్ముకోకు. ఫ్యాన్‌తో విడిగా ఒక కూలర్, డాష్‌బోర్డు మీద ఆయిల్ వేడి మీటరు పెట్టించు. 90 డిగ్రీల దగ్గర ఉంటే హాయిగా నడుపు, 120 దాటితే ఘాట్ మధ్యలో ఎక్కడున్నా పక్కకి ఆపు. ఘాట్ దిగేటప్పుడు గేరు లివరును డీ, అంటే డ్రైవ్‌లో వదిలేసి బ్రేకుల మీద ఆధారపడకు, రెండుకి లాగు. మాన్యువల్ బండిలా ఇంజిన్ పట్టి ఆపదు, ఇది మొదట్లో భయపెడుతుంది.

కాగితాల సంగతి చిన్నదేం కాదు. కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. శరీర ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం బండిని మార్చుకునే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. డాక్టరు కాగితం పట్టుకుని కొరాపుట్ ఆర్టీఓ ఆఫీసులో పని మొదలుపెట్టకముందే అడుగు. ఇన్సూరెన్సువాళ్లకి రాతపూర్వకంగా చెప్పు. చెప్పకపోతే ప్రమాదమయ్యాక క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

మిగతా డబ్బు కట్టే ముందు విశాఖ వెళ్లి, నీ ముందే బాక్స్ కింది పాన్ విప్పించు. ఆయిల్ వేలికి రాసుకుని వాసన చూడు, మాడు వాసన వస్తే వదిలేసి వచ్చెయ్. పాన్‌లో అయస్కాంతం మీద బూడిద లాంటి మెత్తని పొడి ఉంటే ఫర్వాలేదు. మెరిసే ముక్కలు కనిపిస్తే అడ్వాన్సు పోయినా సరే, తీసుకోవద్దు. పాన్ ఫొటో, బాక్స్ మీది నంబరు ప్లేటు ఫొటో రెండూ పంపు. అవి చూశాకే అడాప్టర్ సంగతి మాట్లాడుకుందాం.

నీ
మావయ్య