లేత్ (లోహాన్ని గుండ్రంగా తిప్పుతూ చెక్కే మిషను) మీద పనిచేసేటప్పుడు గ్లౌజులు వేసుకోవద్దంటారు, ఎందుకు?

గ్లౌజు చర్మాన్ని కాపాడుతుంది, నిజమే. కానీ లోహపు ముక్కని బిగించి తిప్పే చక్‌కి దాని పోగు ఒక్కటి దొరికినా చెయ్యి మొత్తం లాగేస్తుంది. లెక్క చూడండి: 600 ఆర్‌పీఎం (నిమిషానికి 600 చుట్లు) అంటే సెకనుకి 10 చుట్లు. విషయం తెలిసి మనం చెయ్యి వెనక్కి తీసుకోవడానికి పావు సెకనైనా పడుతుంది. ఈలోపు రెండున్నర చుట్లు అయిపోతాయి. ఉత్త చెయ్యి తగిలితే చాలాసార్లు గీరుకుపోయి బయటపడతాం, గ్లౌజుంటే ఆ అవకాశం కూడా ఉండదు.

భీమవరం వైపు చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లకీ రైస్ మిల్లులకీ షాఫ్టులు చేసే షాపుల్లో నాకు ఇంకా భయమేసేది ఎమరీ పేపరు, అంటే మెరుగు పెట్టే గరుకు కాగితం. దాన్ని వేలికి చుట్టి తిరిగే షాఫ్టుకి మెరుగు పెడతారు! కాగితం మెలిపడిందంటే వేలు కూడా దాంతోనే పోతుంది. పట్టీలా పొడవుగా చింపి, రెండు కొసలూ చెరో చేత్తో వదులుగా పట్టుకోవాలి.

లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి దారం, అన్నీ అదే కోవ. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనూ తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించే, సరిచేసే పనివాళ్లకి బిగుతు బట్టలే అని ఉండేది.

రజను (చెక్కినప్పుడు వచ్చే లోహపు పొట్టు) కోసుకుంటుందనే కదా గ్లౌజులు అడిగేది? మిషను ఆపి కొక్కెంతో లాగండి. మోటారు ఆగి ఉన్నప్పుడు బరువైన జాబు (చెక్కాల్సిన లోహపు ముక్క) ఎత్తడానికైతే గ్లౌజు వేసుకోవచ్చు.