కళ్ళజోడు పెట్టుకునే హెడ్‌ఫోన్ చూడు

కావలి,
ఆదివారం

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు హెడ్‌ఫోన్ల ఫొటోలూ చూశాను. నాలుగూ నల్లవే, నాలుగింటి కిందా రేటింగ్ చుక్కలే. "మామయ్యా, వీటిలో ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ముప్పై ఏళ్ళు మైక్ సెట్ నడిపి, ఆ తర్వాత ఈ చిన్న రికార్డింగ్ గది పెట్టుకున్నవాడు ఒక్క ముక్కతో వదిలేస్తాడని ఎలా అనుకున్నావ్? టీ పెట్టుకుని కూర్చో.

ముందు నీకు ఏ చప్పుడుతో ఇబ్బందో తేల్చుకోవాలి. నాకు తెలిసి నీవి మూడు. శనివారం పినాకినిలో ఇంటికి వచ్చేటప్పుడు రైలు దడదడ. పీజీలో నీ రూమ్మేట్ ఫోన్ కబుర్లు. మూడోది లోపలి నుంచి బయటికి వచ్చే చప్పుడు. నువ్వు ట్రాక్ వింటూ పాట రికార్డ్ చేస్తావు కదా, చెవి దగ్గర మోగే ఆ ట్రాక్ మళ్ళీ మైకులో దూరుతోంది. మొన్న పంపిన పాటలో నీ గొంతు వెనక తబలా సన్నగా, రేకు డబ్బాలో వాయించినట్టు వినిపించింది. అది నీ ఫోన్ తప్పు కాదు, నీ చెవిలో ఉన్నదాని తప్పు.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. పక్క వీధి పెళ్ళిలో డీజే పెడితే మన గదిలోకి పాట వినపడదు, దుమ్ దుమ్ మాత్రం గోడ దాటి వస్తుంది చూడు, హెడ్‌ఫోన్ కప్పుకీ అదే లెక్క. మూసి ఉన్న కప్పు, మెత్తటి కుషన్ కలిసి మాటల్లోని పదునునీ, గిన్నెల చప్పుడునీ, టీ అమ్మేవాడి కేకనీ బాగానే తగ్గిస్తాయి. చక్రాల కింది దడదడని అంతగా ఆపలేవు. బ్యాటరీతో నడిచే నాయిస్ క్యాన్సిలింగ్ దీనికి తిరగేసి పనిచేస్తుంది. బయటి చప్పుడుని చిన్న మైకు పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని చెవిలో వదిలి కొట్టేస్తుంది. ఒకే తీరుగా సాగే లావు చప్పుడంటే దానికి పండగ. ఇంజన్, ఏసీ, ఫ్యాను గుయ్‌మనడం లాంటివన్నమాట. మనిషి గొంతు దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టి, బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి ఈ ఆలోచన 1978లో విమానంలో వచ్చిందట. ఇంజన్ హోరులో పాట వినపడక విసిగిపోయి, కాగితం తీసుకుని లెక్కలు మొదలుపెట్టాడు. మామూలు ప్రయాణికులు కొనుక్కునే క్వయట్‌కంఫర్ట్ అనే హెడ్‌ఫోన్ వచ్చేసరికి 2000 అయింది. అంటే దాని పుట్టుకే విమానం హోరు కోసం, రూమ్మేట్ కోసం కాదు.

నువ్వు "సౌండ్ క్వాలిటీ ముఖ్యం మామయ్యా" అని రెండుసార్లు రాశావు కాబట్టి నా ఓటు వైరుతో ఉండే క్లోజ్‌డ్ బ్యాక్‌కే, అంటే కప్పు వెనక మూసి ఉన్నదానికే. అదే డబ్బు పెట్టి బ్యాటరీ, బ్లూటూత్, మైకులు, యాప్ అన్నీ ఉన్నది కొంటే, ఆ సరంజామా అంతటికీ పోగా శబ్దం మీద పెట్టింది తక్కువే ఉంటుంది. పైగా బ్లూటూత్‌లో పాట కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది. వినడానికైతే తెలియదు. పాడేటప్పుడు మాత్రం తాళం నీ కంటే వెనక నడుస్తూ ఉంటుంది. ఎల్‌డాక్, ఏఏసీ అని, బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే ఆ కోడెక్‌ల పేర్లతో బుర్ర పాడుచేసుకోకు.

మూసిన కప్పుకి ఒక జబ్బు ఉంది, అది తెలిసి కొనాలి. లోపలి డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, ముందుకి ఎంత మోగుతుందో వెనక్కీ అంతే మోగుతుంది. ఓపెన్ బ్యాక్‌లో ఆ వెనక శబ్దం జాలీలోంచి బయటికి పోతుంది. మూసినదాంట్లో గోడకి కొట్టుకుని మళ్ళీ చెవిలోకే వస్తుంది. మేం స్పీకర్ బాక్సులు సొంతంగా చేయించుకునే రోజుల్లో లోపల దూది మందంగా పరిచేవాళ్ళం. పరవని బాక్సులో డోలు వాయిస్తే బిందెలో వాయించినట్టు ఉండేది. చవక హెడ్‌ఫోన్లలో నువ్వు "బేస్ అదిరింది" అనుకునేది చాలాసార్లు ఈ బిందె చప్పుడే.

దాన్ని కనిపెట్టడానికి మృదంగం ఉన్న కచేరీ ఒకటి పెట్టుకో. ఎడమ చేతివైపు తొప్పి గుంకారం పలికి ఆగాలి, తర్వాతి దెబ్బ దాకా సాగకూడదు. కుడివైపు వేళ్ళ దెబ్బలు ఒక్కొక్కటీ విడిగా వినపడాలి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఒక దారిన నడుస్తూ ఉంటుంది, దాని వెనకే నడిచి వెళ్ళగలుగుతున్నావా లేక అంతా కలిసి బురదలా ఉందా చూడు. ఆ తర్వాత బాలు గారి పాట. మన నెల్లూరాయన గొంతు మనకి ఇంట్లో మనిషి గొంతంత పరిచయం. చరణం ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం వినపడాలి. కానీ "స", "శ" వచ్చినచోటల్లా చెవిలో గుచ్చుకుంటే ఆ హెడ్‌ఫోన్‌లో పై స్వరాలు ఎక్కువ పెట్టారని అర్థం. పది నిమిషాలు బాగుంటుంది, గంటకి తలనొప్పి.

ఇంకొకటి, ఇది నేను ఎవరికైనా ముందు చెప్పేది. ఘంటసాల గారి కాలం నాటి మోనో రికార్డింగ్ ఒకటి పెట్టి కళ్ళు మూసుకో. మోనో అంటే రెండు చెవులకీ ఒకటే శబ్దం. కాబట్టి గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో నిలబడాలి. ఎడమకో కుడికో జరిగితే రెండు డ్రైవర్లు సమానంగా లేవన్నట్టు. ఒకసారి కప్పులు తిప్పి పెట్టుకుని చూడు. గొంతు కూడా రెండో పక్కకి మారితే హెడ్‌ఫోన్‌ది తప్పు, మారకపోతే నీ చెవిది. నాకు మారదు. పెంచలకోన తిరునాళ్ళలో హారన్ స్పీకర్ల కింద కూర్చున్న రాత్రుల పుణ్యమా అని నా కుడి చెవిలో ఇరవై ఏళ్ళుగా కీచురాయి కాపురం ఉంటోంది.

ఇక అసలు సంగతి. శబ్దం ఆపడమైనా, బేస్ అయినా, అంతా సీల్ మీదే ఉంది. కుషన్ చెవి చుట్టూ చర్మానికి ఖాళీ లేకుండా ఆనాలి. కుండ మీద మూత సరిగా కూర్చోకపోతే ఆవిరి పోయినట్టు, సందు ఉంటే ముందు పోయేది బేస్. నీకు కళ్ళజోడు ఉంది. ఆ జోడు కాడ చెవి పైన కుషన్‌ని కొంచెం లేపుతుంది. ఎంతో కాదు, అగ్గిపుల్ల మందం. ఆ సందు చాలు, తొప్పి మాయం కావడానికి. అందుకని షాపుకి లెన్సులు పెట్టుకుని వెళ్ళకు, రోజూ పెట్టుకునే కళ్ళజోడుతోనే వెళ్ళు, రోజూ వేసుకునే దుద్దులతోనే వెళ్ళు. బేస్ ఒకే తీరుగా ఉన్న పాట పెట్టి, రెండు అరచేతులతో కప్పులని మెల్లగా తలకి నొక్కు. నొక్కగానే బేస్ ఒక్కసారిగా పెరిగిందా, నీ తలకి అది సరిగా ఆనక శబ్దం కారుతున్నట్టే. పెద్దగా తేడా రాలేదా, సరిపోయింది. తర్వాత ఒకసారి ఆవలించు, దవడ ఆడించు, తల వంచు. షాపువాడు నవ్వితే నవ్వనీ.

కుషన్ లోపలి ఖాళీలో చెవి మొత్తం పట్టాలి, చెవి మీద కూర్చునే రకం వద్దు. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 ఆ రకమే. 1988 నుంచీ ఉంది, డీజేలూ టీవీవాళ్ళూ ప్రాణంగా చూసుకుంటారు, బయటి చప్పుడు కూడా బాగా ఆపుతుంది. కానీ కళ్ళజోడు కాడని, దుద్దుని, చెవిని మూడింటినీ కలిపి నొక్కుతుంది. అరగంటకే తీసి పక్కన పెడతావు.

మన ఎండల సంగతి ఆ ఫొటోలు పెట్టినవాళ్ళకి తెలియదు. తోలులాంటి కుషన్ చప్పుడు బాగా ఆపుతుంది గానీ రోహిణి కార్తెలో చెవులు ఉడికిపోతాయి. మఖ్మల్‌లాంటి గుడ్డ కుషన్ హాయిగా ఉంటుంది, కాస్త చప్పుడు లోపలికి రానిస్తుంది. ఆ తోలు కూడా నిజం తోలు కాదు, చెమటకీ మన సముద్రపు తేమకీ కొన్నేళ్ళకి పొట్టు రాలుతుంది. ఒకసారి పెళ్ళి వీడియోకి సౌండ్ కలుపుతున్నాను, పెళ్ళికూతురి తండ్రి వచ్చి "మొహం మీద ఆ మసి ఏందయ్యా" అన్నాడు. అద్దంలో చూసుకుంటే చెంపల నిండా నల్ల పొట్టు. అందుకే కుషన్లు విడిగా దొరికే మోడల్ మాత్రమే కొను. వైరు ఊడదీసి మార్చుకునేదైతే ఇంకా మేలు, ఎందుకంటే హెడ్‌ఫోన్‌లో ముందు పోయేది వైరే.

పేర్లు అడుగుతావని తెలుసు. నేను వాడేది సోనీ ఎండీఆర్-7506. 1991లో వచ్చింది, ఇప్పటికీ స్టూడియోల్లో అదే. గొంతులో చిన్న గరగర ఉన్నా పట్టిస్తుంది. మడిచి సంచిలో వేసుకోవచ్చు. కాకపోతే స్ప్రింగులాంటి వైరు, సాగదీస్తే మూడు మీటర్లు, ఊడిరాదు. రైల్లో పక్కవాళ్ళ సంచికి చుట్టుకుంటుంది. నీకైతే ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్ గానీ, ఎం50ఎక్స్ గానీ వినమంటాను. 2014 నాటివి, వైరు మార్చుకోవచ్చు, మడవొచ్చు. ఎం50ఎక్స్‌లో బేస్ కాస్త ముందుకి ఉంటుంది, పాడేవాళ్ళకి ఎం40ఎక్స్ తిన్నగా ఉంటుందని నా అభిప్రాయం. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో చప్పుడు ఆపడంలో గట్టిది. పట్టు కూడా గట్టిదే, కొత్తలో కణతలు నొప్పెడతాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 హాయిలో రాజు, కానీ మడవలేం, వైరు ఊడిరాదు. అది కొనాలనిపిస్తే 250 ఓమ్స్‌ది (ఓమ్స్ అంటే కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే లెక్క) మాత్రం వద్దు, ఫోన్‌కి దాన్ని మోగించే శక్తి చాలదు. ఫోన్‌తో వాడేదానికి 30 నుంచి 60 చిల్లర ఓమ్స్ లోపల చూసుకో. నీ ఫోన్‌కి హెడ్‌ఫోన్ కన్నం లేదని గుర్తుంది, ఛార్జింగ్ కన్నంలో పెట్టి హెడ్‌ఫోన్ తగిలించుకునే టైప్-సీ డాంగిల్ ఒకటి కలిపి కొనుక్కో.

డబ్బా మీద "50 ఎంఎం డ్రైవర్", "5 నుంచి 40,000 హెర్ట్జ్" అని ఉంటే మురిసిపోకు. మనిషి చెవికి వినపడేదే 20 నుంచి 20,000, అదీ వయసులో ఉన్నప్పుడు. షాపులో ఇంకో మాయ ఉంది. రెండిట్లో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది మన చెవికి. అమ్మేవాళ్ళకి ఇది బాగా తెలుసు. ఖరీదైనది చేతికిచ్చేటప్పుడు వాల్యూమ్ మీద వేలు ఎటు జరిగిందో చూడు. రెండూ సమానంగా మోగేలా నువ్వే సరిచేసుకుని విను, అదీ వాళ్ళ డెమో పాట కాదు, నీ ఫోన్‌లోది.

మంచి పేరున్న వాటికి నకిలీలు ఎక్కువ. నాకు మద్రాసులో ఒక షాపులో తగిలింది. సగం ధరకి వచ్చిందని సంబరంగా తెచ్చుకుని, ఇంటికొచ్చి పెట్టుకుంటే డోలుకీ తలుపు చప్పుడుకీ తేడా లేదు. చేతిలో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంది, కప్పు మీద స్టిక్కర్ వంకరగా అంటించి ఉంది. బిల్లు అడగలేదు, అందుకని గొడవ పెట్టుకోవడానికి కూడా మొహం చెల్లలేదు. మీ అత్త ఇప్పటికీ దాన్ని గుర్తుచేస్తుంది.

రైలు దడదడ మాటేమిటంటావా? దానికి ఈ హెడ్‌ఫోన్ సగం పనే చేస్తుంది, దాచను. రైలు కోసమే అయితే చెవి కన్నంలో బిగుతుగా కూర్చునే రబ్బరు ఇయర్‌ఫోన్ ఒకటి తక్కువ ధరలో కొనుక్కో. రబ్బరు సైజు సరిగ్గా కుదిరితే ఈ పెద్ద హెడ్‌ఫోన్ల కంటే అదే ఎక్కువ ఆపుతుంది. నలభై వేలు పెట్టి ఒకటే కొని మూడు పనులూ చేయించాలనుకోకు. పినాకిని ఎక్కేటప్పుడు జేబులో ఇది, పీజీ గదిలో అది. రైలు దిగేముందు మాత్రం తీసెయ్, పట్టాల దగ్గర చెవులు మూసుకుని నడిచేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

పాడేటప్పుడు ఒకటి జరుగుతుంది, భయపడకు. చెవులు రెండూ మూసేసరికి నీ గొంతు నీ తలలోనే గుయ్‌మని వినపడుతుంది, శ్రుతి తప్పుతున్నట్టు అనిపిస్తుంది. స్టూడియోలో గాయకులు ఒక కప్పు చెవి వెనక్కి జరుపుకునేది అందుకే, స్టైల్ కోసం కాదు. జరిపిన కప్పుని తలకి ఆనించి ఉంచు, లేకపోతే అందులోంచి ట్రాక్ మళ్ళీ మైకులోకి వస్తుంది.

ఇక వాల్యూమ్. బయటి చప్పుడు ఆపుకోవడంలో అసలు లాభం ఇక్కడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. అక్కణ్ణించి మూడు పెంచితే సమయం సగం అయిపోతుంది. 90 దగ్గరకి వచ్చేసరికి వారమంతటికీ కలిపి నాలుగు గంటలే. ఇప్పుడు నువ్వు రైల్లో తెల్ల వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎంత పెంచుతావో నాకు తెలుసు, మొన్న స్టేషన్లో నీ పక్కన నిలబడితే పల్లవి మొత్తం నాకే వినపడింది.

వచ్చే శనివారం వస్తావుగా. ఏదీ ఆర్డర్ పెట్టకుండా రా. నా 7506కి కొత్త కుషన్లు వేశాను, అదీ, గదిలో పడి ఉన్న ఎం40ఎక్సూ రెండూ నీ కళ్ళజోడు మీద పెట్టి నొక్కి చూద్దాం. ఆ పెద్ద జుంకాలు మాత్రం పెట్టుకురాకు, పోయినసారి కుషన్‌కి గీత పెట్టావు.

మీ మామయ్య