డిస్క్ ఆపరేషన్ తర్వాత యూరిన్ తెలియకుండా పడిపోతోంది. రోజూ పైపు వేసుకుంటూనే బతకాలా?

ముందు నీళ్లు తాగడం మొదలుపెట్టండి చెల్లెమ్మా. మిగతా సంగతులు ఆ తర్వాత.

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. నడుం డిస్క్ జారి, కాళ్లు పట్టు తప్పుతుంటే ఆపరేషన్ చేశారు. ఆర్నెల్లయింది, నడక వచ్చేసింది. యూరిన్ వస్తున్నట్టు మాత్రం తెలియడం లేదు. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా చీర తడిసిపోతోంది. రోజుకు నాలుగైదుసార్లు పైపు వేసుకుని ఖాళీ చేసుకోమని డాక్టరు చెప్పారు. ‘రోజూ పైపు పెడితే ఇన్ఫెక్షనొచ్చి కిడ్నీలు పోతాయి’ అని మీ అత్తగారు అంటున్నారు. మీరేమో స్కూల్లో పరువు పోతుందని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు ముట్టడం లేదు. పక్కింటావిడ ఇదే బాధకు వాడే మాత్రలు మీరూ వేసుకోవచ్చా అనీ, ఇలా ఉంటే దేవుడి దగ్గర దీపం పెట్టొచ్చా అనీ అడిగారు.

నేను పలమనేరు వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నాదీ మీ కథే. మొదట చూపించుకున్న ఆసుపత్రిలో నడుంనొప్పే కదా అని ఇంజెక్షన్లు పొడిచి పంపేశారు. రెండు కాళ్లూ లాగడం, కూర్చునే చోట తాకినా తెలియనంత మొద్దుబారడం, యూరిన్ బిగబట్టేసి రాకపోవడం, ఇవి కాడా ఈక్వైనా సిండ్రోమ్ గుర్తులు, అంటే నడుం కింది నరాల కట్ట నలిగిపోవడం. మూడూ ఒకేసారి రానక్కర్లేదు. నడుంనొప్పితో ఈ పేజీకి వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఈ ముక్క ఒకటికి రెండుసార్లు చదవండి. అలాంటప్పుడు రేపు చూద్దాంలే అనకుండా అదే పూట ఎమ్మారై ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. మా వైపువాళ్లం ఏ జబ్బొచ్చినా వేలూరుకే పోతాం కాబట్టి నేనూ అక్కడికే వెళ్లాను. ఆపరేషన్ అయింది, కాళ్లు వచ్చాయి, బ్లాడర్ రాలేదు.

ఎందుకు రాలేదో తెలిస్తే మీకు సగం భయం పోతుంది. వెన్నుపాము మనం అనుకున్నంత కిందిదాకా ఉండదు, నడుం ఎముకల్లో పైవైన ఎల్1, ఎల్2 దగ్గరే అయిపోతుంది. అక్కణ్ణుంచి నరాలు విడివిడిగా కిందికి దిగుతాయి. వాటిలో ఎస్2, ఎస్3, ఎస్4 నరాలు బ్లాడర్‌కీ, మలద్వారానికీ, కూర్చునే చోటుకీ పోతాయి. జారిన డిస్క్ వాటిని నలిపేసింది. దాంతో బ్లాడర్ నిండిందన్న కబురు పైకి పోదు, పిండి ఖాళీ చెయ్యమన్న ఆజ్ఞ కిందికి రాదు. మామూలుగా బ్లాడర్‌లో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. మీకు అది దాటినా తెలియదు కాబట్టి నిండిన బిందె పొర్లినట్టు పైపైది కారుతుంది, కిందిది కిందే ఉండిపోతుంది. మీరు తడిసిన చీరను చూసి బాధపడుతున్నారు, డాక్టరు లోపల మిగిలిపోయినదాని గురించి భయపడుతున్నారు. నన్నడిగితే డాక్టరు భయమే సరైంది. మిగిలిపోయినదే ఇన్ఫెక్షన్‌కి మూలం, ఒత్తిడి పెరిగితే వెనక్కి కిడ్నీల దాకా తన్నేది కూడా అదే. లోపలిది వేళకి తీసేస్తే బయటికి కారడం చాలామటుకు దానంతటదే తగ్గుతుంది.

అందుకే పక్కింటావిడ మాత్రలు ముట్టుకోవద్దు. ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనసిన్ లాంటివి బ్లాడర్ కండరాన్ని సడలించే మందులు. వెన్నుపాముకే పై భాగంలో దెబ్బ తగిలినవాళ్లకి, ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అనే నరాల జబ్బున్నవాళ్లకి బ్లాడర్ దానిష్టమొచ్చినట్టు ముడుచుకుంటుంది, వాళ్లకి ఈ మాత్రలు మేలు చేస్తాయి. అవి చాలకపోతే బ్లాడర్ గోడలోకి బొటాక్స్ ఇంజెక్షన్లు కూడా ఇస్తారు. మీది ఇప్పటికే సడలిపోయిన బ్లాడర్ అయి ఉంటే, దాన్ని ఇంకా సడలిస్తే లోపల మరింత నిలవ పడుతుంది, పైగా మలబద్ధకం. జబ్బు పేరు ఒకటే అయినా మందు ఒకటే కాదు. మీ బ్లాడర్ ఏ రకమో తేల్చేది, లోపలి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ అనే పరీక్ష. ఇంతవరకు చెయ్యకపోతే అడిగి చేయించుకోండి. పొత్తికడుపు గట్టిగా నొక్కి పోసుకోమని ఎవరైనా చెప్తే అదీ వద్దు, ఆ ఒత్తిడి కిడ్నీలకి మంచిది కాదు.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ కొట్టిపారేయదగ్గ మాటేం అనలేదు, ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకునేవాళ్లు. 1972లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ యూరాలజిస్టు జాక్ లాపిడెస్ దాన్ని తిరగేశారు. ఆయన వాదన ఏంటంటే, పైపు మీద పోయే కాసిన్ని క్రిములకంటే అతిగా సాగిపోయిన బ్లాడర్ ప్రమాదం. సాగినప్పుడు దాని గోడకి రక్తం సరిగ్గా అందదు, అప్పుడు క్రిములు పాతుకుపోతాయి. కాబట్టి ఆపరేషన్ థియేటర్లో ఉన్నంత శుద్ధి అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కుని వేళ తప్పకుండా ఖాళీ చేస్తే చాలన్నారు. ఇప్పుడు ప్రపంచమంతటా నడుస్తున్న పద్ధతి అదే. కిడ్నీలు పోతాయని ఆవిడ భయపడుతున్నారు కదా, ఈ పైపు కిడ్నీలు పోకుండా కాపాడటానికేనని అదే భాషలో చెప్పండి. మా అత్తగారికి నేను చెప్తే ఎక్కలేదు, వేలూరు నర్సమ్మ చెప్తే ఎక్కింది.

నేర్చుకోవడం దగ్గరే అందరం బెంబేలెత్తుతాం. నేను వేలూరు బాగాయంలో ఉన్న సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ల రీహాబ్‌లో, అంటే పునరావాస కేంద్రంలో నేర్చుకున్నాను. 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్, 1966లో మొదలైన ఆ సంస్థకి ప్రాణం పోశారు. ఆవిడ చక్రాల కుర్చీలోంచే వైద్యం చేశారు. అక్కడ ఈ మాట ఎత్తితే ఎవరూ మొహం చిట్లించరు. మీరు కూడా వీడియోలు చూసి కాకుండా నేర్పే నర్సు దగ్గర కూర్చుని నేర్చుకోండి.

మెడికల్ షాపులో ‘యూరిన్ పైపు’ అంటే లోపలే ఉంచేసే బెలూన్ ఫోలీ చేతిలో పెడతారు. మీకు కావల్సింది నెలటాన్ కెథీటర్, బెలూన్ ఉండదు. వెనక చివర రంగు చూడండి, తెలుపైతే 12 సైజు, ఆకుపచ్చయితే 14. మీకు ఏది రాశారో అదే తీసుకోండి. ఆడవాళ్లకి దారి నాలుగు సెంటీమీటర్లే, కాబట్టి యూరిన్ రావడం మొదలయ్యాక ఇంకొక్క అంగుళం పోనిస్తే చాలు. మొదట్లో చిన్న అద్దం కావాలి, తర్వాత వేలితోనే తెలిసిపోతుంది. ఒకోసారి పొరపాటున కింది దారిలోకి, అంటే యోనిలోకి పోతుంది, ఎంతసేపటికీ చుక్క రాదు. అప్పుడు కంగారుపడి దాన్ని లాగేయకండి. అక్కడే గుర్తుగా ఉంచి, ఇంకో కొత్త పైపు దానికి కొంచెం పైన పెట్టండి, ఈసారి తప్పదు. అందుకే సంచిలో ఎప్పుడూ రెండు ఉండాలి. నీళ్లలో కరిగే జెల్లీయే రాయండి, కొబ్బరినూనె, వ్యాజిలీన్ వద్దు. యూరిన్ ఆగిపోయాక కాస్త ముందుకి వంగి, పైపు మెల్లగా తీస్తుంటే ఇంకో నాలుగు చుక్కలు వస్తాయి, వాటినీ రానివ్వండి.

ప్యాకెట్ మీద ఒక్కసారికే వాడమని ఉంటుంది. ఖర్చు తట్టుకోలేక మన దగ్గర చాలామంది సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ వాడతారు. మీరేం చెయ్యాలో నేర్పిన నర్సుతోనే తేల్చుకోండి. తడిగా కవర్లో చుట్టి రేపటికి దాచడం మాత్రం ఎవరి పద్ధతిలోనూ లేదు.

ఎన్ని గంటలకోసారి అన్నది డాక్టరు చెప్పిన అంకెతో మొదలుపెట్టి మీ ఒళ్లే తేల్చాలి. వంటింట్లో వాడని కొలత మగ్గు ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకోండి. ఒక నోటు పుస్తకంలో ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు ఎంత తీశారు, మధ్యలో ఎప్పుడు తడిసింది, ఇవి మూడు రోజులు రాయండి. ఒక్కసారికి 500 దాటుతుంటే వ్యవధి తగ్గించాలి. 150, 200 మాత్రమే వస్తుంటే కొంచెం పెంచొచ్చేమో అడగాలి. గుండె, కిడ్నీ జబ్బులేవీ లేకపోతే రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు, అదీ ఒక్కసారిగా చెంబెడు కాకుండా గంట గంటకీ కొంచెం. పడుకోబోయే రెండు గంటల ముందు ఆపేసి, పడుకునే ముందు ఖాళీ చేసుకోండి. నీళ్లు మానేస్తే యూరిన్ చిక్కబడి, లోపల మంట పుట్టించి, మలబద్ధకం తెచ్చి ఇంకా ఎక్కువ తడుపుతుంది.

ఆ మలబద్ధకం సంగతి ఏ యూరాలజిస్టూ తనంతట తాను ఎత్తడు, మనమే ఎత్తాలి. నిండిన పేగు బ్లాడర్ని నొక్కుతుంది, రెండింటికీ నరాలు అవే కూడా. పొద్దున టిఫిన్ తిన్న అరగంటకి, వచ్చినా రాకపోయినా రోజూ అదే వేళకి కూర్చోండి. సంగటీ, ఆకుకూరా మన సీమలో కొత్తగా చెప్పేదేముంది.

ఇంకోటి. పైపు వాడేవాళ్ల యూరిన్ ఎప్పుడు టెస్ట్ చేయించినా పస్ సెల్స్, బ్యాక్టీరియా కనపడుతూనే ఉంటాయి. రిపోర్టు చూసి భయపడిపోయి ఆరెంపీ దగ్గర యాంటీబయాటిక్ రాయించుకునేవాళ్లు కోకొల్లలు. జ్వరం, వణుకు, పక్కటెముకల కింద నడుం పక్క నొప్పి, రక్తం పడటం, ఉన్నట్టుండి తడవడం ఎక్కువవడం, ఇలాంటివేవీ లేకుండా ఉత్త రిపోర్టుకి మందు అక్కర్లేదు. ఊరికే వాడితే నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచెయ్యదు. ఈ లక్షణాలుంటే మాత్రం ముందు యూరిన్ కల్చర్‌కి (ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో తేల్చే పరీక్షకి) ఇచ్చి, ఆ తర్వాతే మందు. చలిజ్వరం వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లండి.

దగ్గితే పడేది వేరు సంగతి. అది మూత బిగించే కండరం వదులవడం వల్ల. దానికి ముందే ఖాళీ చేసుకోవడం, ప్యాడ్, బరువులు ఎత్తకపోవడం. అప్పటికీ ఆగకపోతే ఆపరేషన్లూ ఉన్నాయి, కానీ నరాలు కోలుకోవడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది కాబట్టి తొందరపడొద్దు. నెలసరి ప్యాడ్లు దీనికి పనికిరావు, యూరిన్‌కి వేరే ప్యాడ్లు అమ్ముతారు. తడిసింది మీకు తెలియదు కాబట్టి గంటలు చూసుకుని మార్చండి. స్పర్శ లేని చోట చర్మం ఒరుసుకుపోయి పుండు పడినా తెలియదు, రాత్రి ఒకసారి అద్దంలో చూసుకోండి.

దీపం గురించి అడిగారు. పెట్టండి. స్నానం చేసి, ఖాళీ చేసుకుని, ఉతికిన బట్ట కట్టుకున్నాక ఇంక మడి ఎక్కడ తప్పింది? మా ఇంట్లో ఈ విషయం మీద కొన్నాళ్లు మూతి విరుపులు నడిచాయి. ఒక వ్రతానికి ప్రసాదం వండటానికి మనుషులు చాలక నన్నే పిలిచారు, అప్పటితో ఆ గొడవ చల్లారింది.

మీ ఆయనకి పూర్తిగా చెప్పండి. అవే నరాలు కాబట్టి కాపురం విషయంలోనూ స్పర్శ తగ్గుతుంది, ఆయన దాన్ని అయిష్టం అనుకునే ప్రమాదం ఉంది. ముందు ఖాళీ చేసుకుంటే తడుస్తుందన్న దిగులు చాలామటుకు ఉండదు. పిల్లలు పుట్టడానికి ఇది అడ్డం కాదు, కడుపుతో ఉన్నప్పుడు మాత్రం గైనకాలజిస్టుకి ముందే చెప్పాలి. స్కూల్లో హెడ్మిస్ట్రెస్ ఒక్కరికి చెప్తే చాలు, స్టాఫ్‌రూమంతటికీ అక్కర్లేదు. ‘నరాల ఆపరేషన్ అయింది, పదకొండింటికీ రెండున్నరకీ పది నిమిషాలు బాత్రూమ్‌కి వెళ్లాలి’ అంటే టైంటేబుల్లో సర్దేస్తారు. మీకు మంచి బాత్రూమ్ లేకపోతే గోడ పట్టుకుని, ఒక కాలు బోర్లించిన బకెట్ మీద పెట్టి నిలబడి వేసుకోవచ్చు. ఈ పనికి చుడీదార్‌కంటే చీరే సుఖం. ఆర్టీసీ బస్సులో అయితే ఎక్కే ముందు ఒకసారి, బస్సు పది నిమిషాలు ఆగే స్టాండులో ఒకసారి.

‘బాగానే నడుస్తున్నావుగా, ఇంకేంటి’ అనేవాళ్లు మీకూ తగులుతారు. వాళ్లకి కారణాలు వివరించే ఓపిక నాకెప్పుడూ లేదు, మీరూ పెట్టుకోకండి.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మూడు రోజుల నోటు పుస్తకం పట్టుకెళ్లండి. మీకు మీరుగా పోసుకున్నాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడమనండి, కిడ్నీలు ఉబ్బాయేమో అదే స్కాన్‌లో తెలుస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి. అంతా బాగుందన్నా ఏడాదికోసారి ఈ స్కాన్ మానొద్దు. మిగిలేది తగ్గుతూ వస్తోందంటే నరాలు కోలుకుంటున్నట్టు, అప్పుడు పైపు ఎన్నిసార్లకి తగ్గించాలో వాళ్లే చెప్తారు.