అమ్మ వయసు ఆవిడతో స్నేహం నిలుస్తుందా? నా అనుభవం

మీకు ఇరవై తొమ్మిదేళ్లు, పక్కింటావిడకు అరవై దాటాయి. మీ కష్టాలు ఆమెతో చెప్పుకుంటుంటే "అంత పెద్దావిడతో నీకు స్నేహమేంటి" అని ఇంట్లో అంటున్నారని రాశారు. ఇది నిలుస్తుందా, డబ్బు ఇబ్బందులు కూడా ఆమెకు చెప్పొచ్చా అని అడిగారు. నిలుస్తుంది. నాకు నిలిచింది.

మాది నెల్లూరు జిల్లా. మా ఆయన గుండెపోటుతో పోయేనాటికి పాప మూడో తరగతి. కర్మ అయ్యాక చుట్టాలంతా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఓదార్చినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, తర్వాత ఏ కాగితం కోసం ఎక్కడికి పోవాలో చెప్పినవాళ్లు లేరు. అప్పుడు మా వీధి చివర ఉండే అత్త వచ్చింది. ఆమె మాకేమీ చుట్టం కాదు, ఊళ్లో అందరిలాగే నేనూ అత్తా అని పిలుస్తాను. ఏడవద్దని గానీ, ధైర్యంగా ఉండమని గానీ అనలేదు. "ఆయన బ్యాంకు పుస్తకం తియ్. మే నెలలో డబ్బులేమైనా కట్ అయ్యాయేమో చూడు" అంది. చూస్తే 436 రూపాయలు కట్ అయి ఉన్నాయి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఆయన అందులో చేరినట్టే నాకు తెలియదు. మరణ ధ్రువీకరణ పత్రం, నామినీగా నా ఆధార్, బ్యాంకులో క్లెయిమ్ ఫారం, అన్నిటికీ నాతో తిరిగింది. రెండు లక్షలు వచ్చాయి. అంతకు ముందు వాళ్ల పొదుపు గ్రూపులో ఒకామెకు ఇవన్నీ దగ్గరుండి చేయించిందట.

ఈ తెగువ ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. 1992లో మా జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైనప్పుడు ఆమెకు ముప్పై ఏళ్లు. భర్త కూలి డబ్బులన్నీ సారాకే పోసేవాడు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూనే ఊరి ఆడవాళ్లతో కలిసి సారా బండికి అడ్డం కూర్చుంది. మరుసటి ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెనకే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది, ఆమె అందులోనూ చేరింది. ఆ రోజుల గురించి ఒక మాట చెప్పింది: "ముందు నిలబడింది ముసలోళ్లేనమ్మాయ్. మాకు మొగుడు కొడతాడని భయం, వాళ్లకు ఆ భయాలన్నీ ఎప్పుడో అయిపోయినాయి."

మన ఈడు స్నేహితురాలు మన బాధ వింటుంది, మనతో పాటు ఏడుస్తుంది. అదీ కావాలి. కానీ ఆమెకూ మనలాగే అత్తింటి భయం, నలుగురి భయం ఉంటాయి. పెద్దావిడ వాటన్నిటినీ దాటి వచ్చిన మనిషి. అమ్మకూ వయసుంది కదా అంటారేమో. అమ్మకు మన మీద బెంగ ఎక్కువ, ఆ బెంగలో మాట తడబడుతుంది.

అయితే ఎప్పుడూ మనమే తీసుకుంటూ ఉంటే దాన్ని స్నేహం అనలేం. అత్త కొడుకు బెంగళూరులో ఉంటాడు. శుక్లం ఆపరేషన్‌కి నేనే తీసుకెళ్లాను, చుక్కల మందు టైం ప్రకారం నేనే వేశాను. ఒకటో తారీఖున పింఛన్లు ఇచ్చేవాళ్లు వస్తే ఇద్దరం మా అరుగు మీదే కూర్చుంటాం. ఆమెది వృద్ధాప్య పింఛను, నాది వితంతు పింఛను, ఇద్దరికీ నాలుగు వేలే. నాట్లు వేసి, కలుపు తీసి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద బొటనవేలు పెడితే ఒక పట్టాన తీసుకోదు. తడిగుడ్డతో తుడిచి, కాస్త ఆరనిచ్చి, నేనే ఆ వేలు పట్టుకుని అదిమి పెడతాను.

ఆమె చెప్పిందల్లా వినక్కర్లేదు కూడా. పాపకు ఐదో తరగతిలో గురుకులం సీటొస్తే "ఆడపిల్లని అంత దూరం పంపుతావా" అని గట్టిగా పోట్లాడింది. నేను పంపాను. కొన్నాళ్లు ముభావంగా ఉంది. ఇప్పుడు పాపను చూడ్డానికి వెళ్లేటప్పుడు అరిసెల డబ్బా పట్టుకుని నాకంటే ముందు బస్టాండులో ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. ఇబ్బంది ఉంటే దాచకుండా చెప్పండి, ఎంత అప్పుందో అంకెతో సహా. కానీ ఆమె చేతి నుంచి అప్పు తీసుకోవద్దు, ఆమె పిల్లలకు తెలిస్తే మాట పడేది ఆమే. ఆమె ఏదైనా పొదుపు గ్రూపులో ఉంటే, మిమ్మల్ని అందులో చేర్పించమని అడగండి. ఖాళీ లేకపోతే ఆమె సాయంతోనే కొత్త గ్రూపు పెట్టుకోవచ్చు, పది మంది దొరికితే చాలు. అప్పు కావాలంటే మీటింగులో అడిగి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి తీసుకోండి. నేను కుట్టుమిషన్ అలాగే కొన్నాను. కంతులన్నీ కట్టేశాను, అత్త దగ్గర ఒక్క రూపాయి కూడా బాకీ లేను.