సంచి మర్చిపోకుండా ఉండాలంటే

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇల్లంతా సంచులే ఉన్నాయి, కొట్టుకెళ్తే మాత్రం చేతిలో ఒక్కటీ ఉండడం లేదు, బిల్లు కట్టే దగ్గర మళ్లీ కొత్తది కొంటున్నాను అని రాశావు. దానికి నీ మతిమరుపును తిట్టుకోకు. సంచి ఉండాల్సిన చోట ఉంటే గుర్తుపెట్టుకోవాల్సిన పనే ఉండదు.

అన్నిటికన్నా ముందు, కొత్తది కొనడం ఆపెయ్. మర్చిపోయి వెళ్లిన రోజు అట్టపెట్టె ఏదైనా ఉంటే అడిగి తీసుకో. సరుకులు కొద్దిగానే ఉంటే చేత్తో పట్టుకునే వచ్చెయ్. ఇల్లు దగ్గరైతే వెనక్కెళ్లి సంచి తెచ్చుకో. రెండుసార్లు అలా తిరిగావంటే మూడోసారి దానంతటదే గుర్తొస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, గుడ్డసంచి కొన్నాం కదా, మన వంతు అయిపోయింది అనుకుంటారు చాలామంది. పత్తి పండించడానికి నీళ్లు, ఎరువులు, పురుగుమందులు కావాలి. ఆ తర్వాత వడకాలి, నెయ్యాలి, కుట్టాలి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క కట్టి ఏం చెప్పిందో చూడు. వాతావరణానికి జరిగే నష్టం వరకు చూస్తే, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కన్నా గుడ్డసంచి మేలనిపించాలంటే దాన్ని 131 సార్లు వాడాలట. ఆ ప్లాస్టిక్ సంచిని తర్వాత చెత్తబుట్ట లోపల తొడుగుగా వాడుకునేవాళ్లతో పోలిస్తే 327 సార్లు. వారానికోసారి సరుకులకెళ్లే ఇంట్లో 131 సార్లంటే రెండున్నరేళ్లు! 2018లో డెన్మార్క్ వాళ్లు వేసిన లెక్కలో వాతావరణం వరకైతే 52 సార్లని తేలింది. సంఖ్యలు వేరైనా రెండూ చెప్పేది ఒకటే, ఉన్న సంచినే తిప్పి తిప్పి వాడాలి. ఇక, గాలికి కొట్టుకుపోయి కాలవల్లోనూ సముద్రంలోనూ చేరే ప్లాస్టిక్ చేసే చేటు ఈ లెక్కల్లో కలవలేదు. వరద నీరు పోయే దారుల్ని ఆ సంచులు పూడ్చేస్తున్నాయనే బంగ్లాదేశ్ 2002లో వాటిని నిషేధించింది. కాబట్టి ప్లాస్టిక్కే నయమని మాత్రం అనుకోకు.

ఇప్పుడు గుర్తుండే సంగతి. సరుకులు సర్దేసిన వెంటనే ఖాళీ సంచిని గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించు. తర్వాత చూద్దాంలే అని వంటింట్లో వదిలేశావా, అది ఇంకో సంచిలోకి, ఆ సంచి అలమరాలోకి వెళ్లిపోతుంది. అంతా చెడేది అక్కడే. సరుకులు దింపడం, సంచి తగిలించడం ఒకే పని కింద పెట్టుకో.

ఏమేం అయిపోయాయో రాసుకునే కాగితం కూడా ఆ సంచిలోనే వెయ్యి. లిస్టు కావాలంటే సంచి ముట్టుకోవాల్సిందే. కారులో వెళ్లేవాళ్లు డిక్కీలో పెట్టుకుంటారు గానీ, దిగి సగం దూరం నడిచాక గుర్తొస్తుంది. పక్క సీటు మీద, ఫోనుతో పాటు పెట్టుకుంటే నయం. ఆఫీసు నుంచి వస్తూ దారిలో కొనే రోజుల కోసం పల్చటిది ఒకటి ఆఫీసు బ్యాగులో ఉండాలి. దాన్ని నిలువుగా మూడు మడతలు వేసి, అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివర మిగిలిన కాడల్ని ఆ చుట్ట మీదికి తిప్పితే అరచేతిలో పట్టేంత అవుతుంది. మనం ఇప్పుడు తిట్టుకునే ప్లాస్టిక్ సంచికి ఆ రూపం ఇచ్చిన స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్టాఫ్ తూలిన్ కూడా ఒక సంచిని మడిచి జేబులో పెట్టుకునే తిరిగేవాడని ఆయన కొడుకు చెప్పాడు. పారేయడానికని ఆయన తయారు చెయ్యలేదన్నమాట.

శుభ్రం గురించి కొంచెం కచ్చితంగా ఉండు. పచ్చి మాంసం, చేపలు తెచ్చే సంచి వేరే ఉండాలి, రంగు చూడగానే తెలిసిపోవాలి. కూరగాయలు, పళ్లు దాంట్లో వెయ్యొద్దు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం నుంచి 2010లో ఆటలకెళ్లిన ఆడపిల్లల జట్టులో వరసగా వాంతులు పట్టుకున్నాయి. ఆరా తీస్తే, జబ్బు పడిన అమ్మాయి వాడిన బాత్రూములో చిరుతిళ్ల సంచి ఉంది. నోరోవైరస్ దాని మీదికి చేరి, ఆ సంచిని ముట్టుకుని అందులోవి తిన్నవాళ్లకి అంటుకుంది. అందుకే సరుకుల సంచిని బాత్రూములో పెట్టకు, విడిచిన బట్టలు అందులో కుక్కకు.

గుడ్డసంచుల్ని వేడినీళ్లలో సబ్బు వేసి ఉతుకు. నీ దగ్గర ఎక్కువగా ఉన్నవి మాత్రం గుడ్డలా కనిపించే పాలీప్రొపిలీన్ సంచులు. అవి ప్లాస్టిక్కే. చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరెయ్. ఎండలో వదిలేస్తే కొన్నాళ్లకు పెళుసెక్కి పొడిపొడిగా రాలతాయి. ఇస్త్రీపెట్టె తగిలితే కరిగిపోతాయి. ఏ సంచైనా పూర్తిగా ఆరాకే మడత పెట్టు, లేకపోతే బూజు వాసన.

చిరగడం ఎక్కువగా కాడ దగ్గరే మొదలవుతుంది. కుట్టు ఒక్క పోగు వదులవ్వగానే చూసుకోవాలి. లోపలివైపు చిన్న గుడ్డముక్క పెట్టి, కాడ అతుకు మీద చదరంగా కుట్టి, ఆ చదరంలో మూల నుంచి మూలకి రెండు అడ్డకుట్లు వెయ్యి. బరువు నాలుగువైపులా పంచుకుంటుంది. సరిగ్గా కుడితే సంచి మిగతా అంతా అరిగిపోయినా ఆ చోటు మాత్రం ఊడదు.

మరో పనికి వాడుకోవడమంటావా, నిక్షేపంగా ఉన్న సంచిని కోసి పర్సు కుట్టడం నాకు నచ్చదు. మిగిలినవుంటే లేనివాళ్లకివ్వు. కొట్టతన్ని అడిగి చూడు, తీసుకుంటానంటే మర్చిపోయి వచ్చినవాళ్లకి పనికొస్తాయి. బరువు మొయ్యలేని స్థితికొచ్చాకే వేరే పని. పాలీప్రొపిలీన్‌వి ప్రయాణంలో చెప్పులకి, అటక మీద దుప్పట్లకి దుమ్ము పట్టకుండా బాగుంటాయి. వాటిలో మట్టి పోసి మొక్కలు పెట్టమంటారు కొందరు. నేనొద్దంటాను. ఎండకి చివికి, ఆ ముక్కలన్నీ మట్టిలో కలిసిపోతాయి. వేడి గిన్నె దించడానికి కూడా అవి పనికిరావు, దానికి పాత గుడ్డసంచిని నాలుగు పొరలుగా కుట్టుకో. మిగతా గుడ్డముక్కలు గట్టు తుడవడానికి పెట్టుకో.

కాడలు ఊడినవి నువ్వు పారేసి ఉండవనుకుంటున్నాను. ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా. సూది, దబ్బనం నా దగ్గర ఉన్నాయి. మొదటిది నేను కుట్టి చూపిస్తాను, రెండోది నువ్వే కుట్టాలి.

ఇట్లు,
పెద్దమ్మ