టికెట్ కొన్నాక ‘ఒక్కరైతే ఎక్కనివ్వం’ అంటే కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఒక్కడినే ఉంటాను. మొన్న వారం మధ్యలో సెలవు దొరికితే ఆన్‌లైన్‌లో టికెట్ కొని శివార్లలోని ఒక అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్లాను. ‘అన్ని రైడ్లూ కలిపి’ అని టికెట్ మీదే ఉంది. వాటర్ స్లైడ్ దగ్గర గంటసేపు క్యూలో నిలబడి, మెట్లన్నీ ఎక్కాక ‘ఇది ఇద్దరి ట్యూబ్ సార్, ఒక్కరిని పంపం’ అన్నారు. జెయింట్ వీల్ దగ్గరా అదే మాట. రెయిన్ డ్యాన్స్ దగ్గర ‘సింగిల్ జెంట్స్‌కి ఎంట్రీ లేదు’ అన్నారు. నా కళ్ల ముందే ఒంటరిగా వచ్చిన ఒకమ్మాయిని మాత్రం పంపారు. డబ్బు వాపసు అడిగితే, కౌంటర్‌లో ఇచ్చిన రసీదు వెనక ‘అమ్మిన టికెట్‌కు డబ్బు తిరిగి ఇవ్వబడదు’ అన్న లైను చూపించారు. చూపు సరిగా లేని మా ఆఫీసు ఆమెను కూడా ఒకసారి వేరే పార్కులో తోడు లేదని గేటు దగ్గరే ఆపేశారట. తోడు లేకపోవడం నేరమా? కేసు వేస్తే నిలుస్తుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. ట్యూబ్ దగ్గర మిమ్మల్ని ఆపిన కుర్రాడు తప్పు చేయలేదు.

మా ఊరి తిరునాళ్లలో చేత్తో తిప్పే రంగులరాట్నం ఉండేది. నాలుగు చెక్క తొట్లు. నేను ఒక్కణ్నే వెళ్లి ఎక్కి కూర్చుంటే దాన్ని తిప్పే తాత కదిలించేవాడు కాదు. ‘ఆగు బాబూ, ఎదర తొట్లోకి ఇంకోడు రానీ’ అని బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడు. నా అర్ధణా అప్పటికే ఆయన జేబులో ఉన్నట్టు నాకు ఒకటే ఏడుపు. ఒకవైపే బరువుంటే రాట్నం చేతికి లొంగదని, పట్టు తప్పితే తొట్టి కిందకు విసురుగా వస్తుందని చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. ఏ చట్టమూ చదవని ఆ తాత పాటించినదే ఇవాళ మీ పార్కు బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది.

ఇద్దరి ట్యూబ్‌ను ఇద్దరి బరువుకు లెక్కగట్టి చేస్తారు. ఒక్కరే కూర్చుంటే ఒక చివర కిందికి పడి రెండోది పైకి లేస్తుంది. మలుపులో గోడ మీదికి ఎక్కి తిరగబడొచ్చు. కొన్ని స్లైడ్లలో దిగాక మళ్లీ ఎత్తు ఎక్కాలి. బరువు చాలక అక్కడే ఆగిపోతే వెనక వచ్చే ట్యూబ్ వచ్చి గుద్దుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే అడ్డుకడ్డీ ఉండే రైడ్లలో ఇంకో చిక్కు ఉంది. బిగించాక ఒక్క మనిషి గుండ్రంగా తిరిగే వేగానికి సీటు ఆ చివర నుంచి ఈ చివరకు జారిపోతాడు. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ల పాప పోయింది. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకారియా దగ్గర ఊగే రైడ్ విరిగి ఇద్దరు చనిపోయారు. ఆ రెండూ యంత్రం విరిగిన కేసులే, ఒంటరితనంతో సంబంధం లేదు. కానీ అలాంటివి జరిగినప్పుడు పోలీసులు ముందు వెతికేది రైడ్ నడిపిన మనిషినే. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. ‘ఏం కాదులే సార్, కూర్చోండి’ అని మిమ్మల్ని పంపి ఉంటే ఆ కుర్రాడు తన మెడ మీదికి తెచ్చుకున్నట్టే. అంచేత ‘ఒక్కరిని ఎందుకు ఎక్కించలేదు’ అన్నదే మీ ఫిర్యాదు అయితే మొదటి వాయిదాలోనే వీగిపోతుంది.

జెయింట్ వీల్ సంగతి అంత ఖాయం కాదు. మోటారుతో తిరిగే పెద్ద చక్రానికి ఒక మనిషి బరువు లెక్కలోకి రాదు. అక్కడ ఒంటరివాళ్లను ఆపేది మధ్యలో లేచి నిలబడతారనో, ప్రాణం తీసుకుంటారనో ఉండే భయంతో. ఆ భయం ఉత్తదని అనను. కాకపోతే అది యంత్రం తయారుచేసినవాళ్లు పెట్టిన నిబంధనా, పార్కు మేనేజర్ సొంతంగా పెట్టిందా అని అడిగే హక్కు మీకుంది. ‘తయారీదారు ఇచ్చిన మాన్యువల్ దాఖలు చేయించండి’ అని వినియోగదారుల కమిషన్‌ను కోరండి. పత్రాలు తెప్పించే విషయంలో సివిల్ కోర్టుకుండే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 38(9) సెక్షన్ కింద దానికీ ఉంది. మాన్యువల్ రాకపోతే ఆ లోటు మీ వైపు పనిచేస్తుంది.

ఇక మీ కేసులో అసలు బలం ఎక్కడుందో చూద్దాం. ఒక్కరిని ఎక్కించకపోవడంలో కాదు, ఆ సంగతి ఎప్పుడు చెప్పారన్న దాంట్లో ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు ‘అన్ని రైడ్లూ’ అన్నారు. గంట క్యూ అయ్యాక, పై మెట్టు మీద ‘మీకు కాదు’ అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ‘సేవ’కు ఇచ్చిన నిర్వచనంలోనే, 2(42) సెక్షన్‌లో, బ్యాంకింగ్, బీమా, రవాణాలతో పాటు వినోదం అన్న మాట నేరుగా ఉంది. కాబట్టి ఇది సేవ కాదని పార్కు వాదించలేదు. 2(11)లో సేవాలోపం అంటే ఏమిటో చెబుతూ, వినియోగదారుకు అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా లోపమేనని రాశారు. 2(28)లో ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటన తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. బుకింగ్ పేజీలో ‘ఈ ఈ రైడ్లకు కనీసం ఇద్దరు ఉండాలి’ అని ఒక్క వాక్యం పెట్టడానికి పార్కుకు పైసా ఖర్చు లేదు. పెట్టలేదంటే, పెడితే ఒంటరివాళ్లు టికెట్ కొనరనే. ఇదే మీ వాదన. దీన్ని వదలకండి.

పార్కు లాయర్ ఏమంటాడో కూడా చెబుతాను. ‘రైడ్ దగ్గర బోర్డు ఉంది, వెబ్‌సైట్‌లో నిబంధనల పేజీ ఉంది, అన్నీ ఒప్పుకుంటున్నానని ఆయన టిక్ కొట్టాడు’ అంటాడు. బోర్డు గురించి భయం వద్దు. లా కాలేజీలో మా అందరికీ చెప్పే పాత ఇంగ్లండ్ కేసు ఒకటుంది, థార్న్‌టన్ అనే ఆయనది. కారు పార్కింగ్ దగ్గర మిషన్ నుంచి టికెట్ వచ్చింది, షరతులు లోపల స్తంభం మీద రాసి ఉన్నాయి. మిషన్‌తో బేరమాడలేం కదా, డబ్బు వేశాక తెలిసే షరతు మనిషిని కట్టిపడేయదు అని 1970లో అక్కడి జడ్జి లార్డ్ డెన్నింగ్ తేల్చారు. మీ పై మెట్టు మీది బోర్డు ఆ స్తంభం లాంటిదే. టిక్ సంగతి మాత్రం కాస్త టెన్షనే. కొనకముందే చూసే వీలున్న పేజీలో ఈ ఇద్దరి నిబంధన స్పష్టంగా రాసి ఉంటే మీ కేసు సగానికి సగం నీరసిస్తుంది. అందుకే నోటీసు పంపే ముందు మీరే ఆ పేజీ ఆసాంతం చదవండి.

రసీదు వెనక లైను మీద నాకు పెద్ద గౌరవం లేదు. 1960ల్లోనే మద్రాసు హైకోర్టు ముందుకు ఒక లాండ్రీ కేసు వచ్చింది. ఉతకడానికి ఇచ్చిన కొత్త చీర పోయింది. బిల్లు వెనక ‘పోతే ఖరీదులో కొంత భాగమే ఇస్తాం’ అని అచ్చేసి ఉందని లాండ్రీవాళ్లు అన్నారు. అలాంటి షరతును ఒప్పుకుంటే ప్రతి లాండ్రీవాడూ కొత్త బట్టలు తక్కువ ధరకే సొంతం చేసుకోవచ్చు, ఇది ప్రజా విధానానికి విరుద్ధం అని కోర్టు కొట్టేసింది. అచ్చేసినంత మాత్రాన షరతు చట్టమైపోదు. ఇప్పటి చట్టంలో 2(47) సెక్షన్ ఇంకా నేరుగా చెబుతోంది. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు, బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి.

ఒక చిన్న జాగ్రత్త. ఫిర్యాదులో ‘అన్యాయ ఒప్పందం’ అన్న మాట ఎత్తకండి. ఆ పేరుతో వచ్చే ఫిర్యాదులు వినే అధికారాన్ని చట్టం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు ఇచ్చింది. జిల్లా కమిషన్‌లో ‘సేవాలోపం’, ‘అనుచిత వ్యాపార పద్ధతి’ అనే రాయండి.

రెయిన్ డ్యాన్స్ దగ్గర జరిగింది వేరే జాతి గొడవ. అక్కడ యంత్రమూ లేదు, బరువు లెక్కా లేదు. ఒంటరి ఆడపిల్ల వెళ్లొచ్చు, ఒంటరి మగవాడు వెళ్లకూడదు అన్నారు. మన రాజ్యాంగంలో 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాల్లోకి వెళ్లడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరికీ అడ్డు పెట్టకూడదంటుంది. ప్రాథమిక హక్కుల్లో చాలావరకు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవే. ఇది మాత్రం ప్రైవేటు దుకాణదారుడి గడప దాకా వస్తుంది. ఇందులో ‘దుకాణం’ అన్న మాటను విశాలంగా చదవాలని సుప్రీంకోర్టు 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో చెప్పింది. గమనించండి, ఆ జాబితాలో ‘ఒంటరి’ అనే మాట లేదు. ఆడామగా తేడా లేకుండా ఒంటరివాళ్లందరినీ ఆపి ఉంటే ఈ అధికరణం మీకు అక్కరకు రాదు. మగవాడినే ఆపారు కాబట్టి వస్తుంది.

అలాగని దీన్నే నెత్తిన పెట్టుకుని కమిషన్‌కు వెళ్లమని చెప్పను. ఆడవాళ్లు లేకుండా వచ్చే మగవాళ్ల గుంపులు అక్కడ ఆడవాళ్లను ఎలా ఇబ్బంది పెడతాయో పార్కు వాళ్లు సీసీటీవీ పెట్టి మరీ చూపిస్తారు. నాకూ ఇద్దరు కూతుళ్లున్నారు, ఆ మాట తీసిపారేయలేను. వేధించినవాడిని బయటికి పంపండి గానీ వేధించనివాడిని గేటు దగ్గరే అనుమానించకండి అన్నది చట్టపరంగా సరైన వాదనే. గెలుస్తుందా అంటే, ఫిర్యాదులో రెండో కారణంగా ఉంచండి. మొదటిది సమాచారం దాచడమే.

మీ ఆఫీసు ఆమె కేసు మీ కేసుకన్నా బలమైంది. 2012లో జీజా ఘోష్ గారిని కోల్‌కతా నుంచి గోవా వెళ్లే విమానంలోంచి దించేశారు. ఆమెకు సెరిబ్రల్ పాల్సీ, అంటే శరీర కదలికలు అదుపులో ఉండని వైకల్యం. వికలాంగుల హక్కుల మీద జరిగే సదస్సుకే వెళ్తున్నారు. 2016లో సుప్రీంకోర్టు స్పైస్‌జెట్ సంస్థ ఆమెకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని తీర్పిచ్చింది. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 3(3) సెక్షన్ ఏమంటుందంటే, వైకల్యం పేరుతో తేడా చూపితే, అది న్యాయమైన ఒక లక్ష్యం కోసం తగుమాత్రంగా తీసుకున్న చర్య అని చూపించాలి. గాల్లో తలకిందులయ్యే ఒక రైడ్‌కు చూపు కావాలంటే ఒప్పుకుందాం. గేటు దగ్గరే, పార్కు మొత్తానికీ, తోడు లేకుండా రావద్దనడం ఏ రకంగా తగుమాత్రం? ఆమెను రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయమనండి. 89వ సెక్షన్ కింద మొదటి తప్పుకు 10,000 దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మొదట 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా కంపెనీలు అక్కడి నుంచి కబురు రాగానే డబ్బు పంపించేస్తాయి. మీకు కావలసింది డబ్బే అయితే అక్కడితో సరి. కదలకపోతే పార్కు రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. లాయర్ చేతనే రాయించాలని చట్టంలో లేదు, మీరే రాసుకోవచ్చు. ఏ తేదీన, ఏ రైడ్ దగ్గర, ఎవరేమన్నారో, ఎంత వాపసు కావాలో తెలుగులో రాసినా చాలు. 15 రోజులు చూసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. పార్కు వేరే జిల్లాలో ఉన్నా మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, 34వ సెక్షన్ ఆ సౌకర్యం ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. మీ వాదన మీరే చెప్పుకోవచ్చు.

ఎంత వస్తుందని అడుగుతారు. టికెట్ డబ్బులో కొంత లేదా మొత్తం, మానసిక వేదనకు కొన్ని వేలు, ఖర్చులు. ఆ ఒక్క పూట సరదా పోయినందుకు లక్షలు అడిగితే కమిషన్ సభ్యులు మీ ముఖం చూసి నవ్వుకుంటారు. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది గానీ, వాయిదాలు అంతకన్నా ఎక్కువే పడతాయని లెక్కేసుకోండి.

వాదనలో ఒక ప్రశ్న తప్పక అడగండి: ‘నాకు జోడీగా క్యూలో ఉన్న ఇంకో ఒంటరివాడిని ఎందుకు కూర్చోబెట్టలేదు?’ ఆర్లాండోలో ఉన్న మనవాళ్లను అడిగితే చెబుతారు, అక్కడ యూనివర్సల్ పార్కుల్లో కొన్ని రైడ్లకు ఒంటరివాళ్ల క్యూ వేరే ఉంటుంది. ఖాళీగా మిగిలిన సీట్లలో వాళ్లను సర్దుతారు. మా ఊరి తాత చేసిందీ అదేగా. నన్ను దింపేయలేదు, ఎదర తొట్లోకి ఇంకోడు వచ్చేదాకా ఆపాడు.

ఆధారాల విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, కానీ బుకింగ్ పేజీకి లేదు. మీ నోటీసు అందిన మర్నాడే అందులో ‘కనీసం ఇద్దరు’ అన్న లైను వచ్చి కూర్చోవచ్చు. ఇవాళ రాత్రే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. యూపీఐ చెల్లింపు, టికెట్ పీడీఎఫ్, కౌంటర్ రసీదు రెండు వైపులా దాచండి. చేతికి కట్టిన కాగితం పట్టీ ఇంకా మీ దగ్గర ఉంటే, దాని మీద అచ్చు తడికి ఇప్పటికే వెలిసి ఉంటుంది, ముందు దాన్ని ఫొటో తీయండి.