ఫేస్‌బుక్‌కి కాంటాక్ట్స్ అనుమతి ఎందుకు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, బట్టల కొట్టు. ఒక్క ఫోన్లోనే వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఫోన్‌పే ఉన్నాయి. కొట్టుకొచ్చే వాళ్ల నంబర్లూ అందులోనే. మొన్న పాతపట్నంలో మా ఆవిడతో పట్టుచీరల గురించి మాట్లాడాను. ఇంటికొచ్చి ఇన్‌స్టా తెరిస్తే అవే చీరలు! ఇవి మా మాటలు వింటున్నాయా? బ్యాంకు డబ్బులకు ముప్పుందా? అన్నీ తీసేయమంటారా?

జవాబు: అన్నీ తీసేయక్కర్లేదండీ. ముందు డబ్బు సంగతి. ఆండ్రాయిడ్ ఏ యాప్ సమాచారాన్ని దానికే విడిగా ఉంచుతుంది, కాబట్టి ఫేస్‌బుక్ మీ ఫోన్‌పే పిన్ చదవలేదు. డబ్బు పోయేది వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లతో, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లతో. కరెంటు బిల్లు బాకీ అనో, పెళ్లి శుభలేఖ అనో పంపుతారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అడిగిందే తడవుగా ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ (తెర మీద ఉన్నది చదివే వీలు) అనుమతులు ఇచ్చేస్తే మీ ఓటీపీలు దొంగ చేతికి చిక్కుతాయి. శుభలేఖ ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, యాప్‌గా రానక్కర్లేదు. డబ్బు పోయిందని తెలియగానే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఒడిశాలోనైనా ఆంధ్రలోనైనా అదే నంబరు.

మాటలు వినడం గురించి అంత టెన్షన్ వద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైకు వాడినా తెర పైన మూలలో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. వినకపోయినా, మీరు ఏ ఊళ్లో ఉన్నారో, ఏ చీర వీడియో దగ్గర ఆగారో ఇన్‌స్టా నడిపే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. ప్రకటనకు అది చాలు.

మీరు అడగలేదు గానీ నాకు బాధగా ఉన్నది మీ కొట్టుకొచ్చే వాళ్ల నంబర్ల గురించి. కాంటాక్ట్స్ అనుమతి ఇస్తే అవి ఫేస్‌బుక్‌కీ చేరొచ్చు. కొత్త సరుకు వస్తే కబురు చెయ్యమని వాళ్లు మీకు ఇచ్చారు, ఫేస్‌బుక్‌కి కాదు. 2021లో 53 కోట్ల మందికి పైగా ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు ఫోన్ నంబర్లతో సహా బయటపడ్డాయి. కాంటాక్ట్స్‌తో స్నేహితులను వెతికే సదుపాయాన్ని అడ్డుపెట్టుకుని, 2019 సెప్టెంబరుకి ముందే వాటిని పోగుచేశారని ఆ కంపెనీయే చెప్పింది.

అందుకే ఫోన్ సెట్టింగ్స్‌లో ఫేస్‌బుక్ యాప్ పేరు తెరిచి, పర్మిషన్స్‌లో కాంటాక్ట్స్‌కి 'డోంట్ అలో' పెట్టండి. ఇన్‌స్టాకీ అంతే. రెండూ మామూలుగానే పనిచేస్తాయి. అయితే ఇంతకుముందే పంపిన నంబర్లు దీంతో పోవు. ఫేస్‌బుక్ అకౌంట్స్ సెంటర్‌లో 'అప్‌లోడ్ కాంటాక్ట్స్' కూడా ఆపేయాలి. వాట్సాప్‌కి మాత్రం కాంటాక్ట్స్ ఉంచుకోండి, లేకపోతే పేర్లు కనిపించక వ్యాపారానికి ఇబ్బంది. లొకేషన్ మాత్రం 'వైల్ యూజింగ్' (యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే)కి మించి ఏ సోషల్ మీడియా యాప్‌కీ ఇవ్వకండి.

ప్రశ్న: వాట్సాప్ మెసేజ్‌లకు ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా వేసే తాళం) ఉంది కదా, బ్యాకప్‌కీ ఉన్నట్టేనా? (రాయగడ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: దానంతట అది ఉంటుందని అనుకోవద్దమ్మా. 2021లో వచ్చిన సదుపాయం అది. చాట్ బ్యాకప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకో. పాస్‌వర్డ్ పెట్టుకుంటే కాగితం మీద రాసి భద్రపరుచుకో. అది పోతే వాట్సాప్ కూడా తెచ్చి ఇవ్వలేదు.